ముగ్గురిలో ఇద్దరు పౌరులు

ఈ పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో మేముండే బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఒక తెలుగు కుటుంబం ఉండేది. ముగ్గురే మనుషులు. అతను ఎప్పుడో చదువుకోడానికి వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. పాప ఇక్కడే పుట్టింది, తండ్రి పౌరుడు కాబట్టి ఉయ్యాల్లో ఉండగానే పౌరురాలు, మాట కూడా ఇక్కడివాళ్లలాగే, చివర ఆ, లా, వన్ తగిలించే ఇంగ్లీషు. పాప తల్లి మాత్రం విజిట్ పాస్ మీద ఉండేది. విజిట్ అంటే చూసిపోవడానికి రావడం. ఒంగోలు పక్కనుంచి కొత్త పెళ్లికూతురుగా దిగిన రోజు మొదలు ఆ ఇంట్లో వండిందీ, ఊడ్చిందీ, పిల్లని కని పెంచిందీ ఆ అమ్మాయే. అయినా కాగితాల ప్రకారం చుట్టపుచూపుగా వచ్చిన మనిషి.

ఆ పాస్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గడువు తీరినప్పుడల్లా దాన్ని పొడిగించుకోవాలి. అందుకు భర్త పూచీ ఉండాలి. ఆ పూచీ వెనక్కి తీసుకుంటున్నానని భర్త చెప్తే ఇక అది నిలవదు. నాకీ బాధ లేదు. నేను ఈ దేశం వచ్చింది ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగం మీద, నా పేరు మీద. మా ఆయనే నా వెనకాల వచ్చారు. ఆ మాటంటే ఇప్పటికీ ఆయన మొహం మాడిపోతుంది, అందుకే తరచుగా అంటుంటాను.

ఒకసారి పాస్ పొడిగింపు పనికి వాళ్లతో పాటు నేనూ ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాను, అటువైపే పనుండి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా ఈ అమ్మాయి మొహంలోకి చూసి అడిగింది, పెళ్లయి ఎన్నాళ్లయింది, ఏం చదువుకున్నారు అని. ప్రతిదానికీ అతనే జవాబు చెప్పాడు. ఈ అమ్మాయి కూడా ప్రశ్న వినగానే అతని మొహం వైపు తిరిగేది. తను ఎమ్మెస్సీ, అతనికంటే ఇంగ్లీషు బాగా వచ్చు. నాకు చిరాకేసింది గానీ అక్కడ ఏమంటాను.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఒక మ్యూజియంలో వాలంటీరు గైడుగా చేరాను. ఆ ఏడు పాత గ్రీకు వస్తువులు అరువు తెచ్చి ప్రదర్శన పెట్టారు. నా వంతుకి వచ్చింది ఆడవాళ్ల గది. కంచు అద్దాలు, నూనె కుండలు, మధ్యలో ఒక సమాధి రాయి. రాతి మీద ఒకావిడ కుర్చీలో కూర్చుని, పనిమనిషి పట్టుకున్న పెట్టెలోకి చూస్తూ ఉంటుంది. కింద ఆవిడ ఫలానా వారి కూతురని చెక్కి ఉంది. ఆ రాయి ముందు నిలబడి, ఏథెన్సులో స్త్రీల పౌరసత్వం ఎలా ఉండేది, చట్టం వాళ్లకి ఏమిచ్చింది, ఏమివ్వలేదు, ఇదంతా వచ్చినవాళ్లకి చెప్పాలి.

ఇంగ్లీషులో చెప్పేముందు తెలుగులో ఒకసారి నోటికి రాకపోతే నాకు ధైర్యం చాలదు. అందుకని మధ్యాహ్నాలు, పాప స్కూల్లో ఉండే వేళ, ఆ అమ్మాయి పైకొచ్చి మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే నేను పాఠం అప్పజెప్పేదాన్ని.

"ఏథెన్సులో ఆడమనిషికి జీవితమంతా ఒక సంరక్షకుడు ఉండాలి. పుట్టింట్లో తండ్రి, పెళ్లయ్యాక భర్త. కోర్టుకెళ్లాలన్నా, పెద్ద బేరం చేయాలన్నా ఆవిడ బదులు ఆయనే మాట్లాడాలి."

"భర్త పోతేనో?"

"కొడుకు ఈడుకొచ్చి ఉంటే కొడుకు."

"కొడుకు లేకపోతే?"

"దగ్గరి బంధువుల్లో మగవాడు ఎవడో ఒకడు."

"కూతురుంటేనో, ఆంటీ?"

"కూతురు లెక్కలోకి రాదు. ఆ కూతురికే ఒకడు కావాలి కదా."

ఆ అమ్మాయి నవ్వింది. మా అత్తగారింట్లోనూ ఇంతే అంది. ఇంకో రోజు విడాకుల సంగతి చెప్పాను. భర్త వద్దనుకుంటే పెద్ద తతంగమేం లేదు, పుట్టింటికి పంపేస్తే సరి. ఆవిడతో వచ్చిన కట్నం తిరిగి ఇచ్చెయ్యాలి, ఉన్న రక్షణ అదొక్కటే. పిల్లలు మాత్రం తండ్రి ఇంటివాళ్లు, అక్కడే ఉండిపోతారు.

"మరి ఆవిడ వచ్చి పిల్లల్ని చూసేదా?" అని అడిగింది.

"తెలీదమ్మా. రాసినవాళ్లంతా మగవాళ్లు. అది రాయాలని వాళ్లకి తోచలేదు."

ఆ అమ్మాయి తీసిన ఈనెల్లోకే చిక్కుడుకాయ కూడా పడేసింది. మొహం చూసి నేనే మాట మార్చి ఈజిప్టు సంగతి ఎత్తాను. అక్కడ ఆడది తన పొలం తనే అమ్ముకునేది, తన దావా తనే వేసేది, మొగుణ్ణి వద్దనుకుంటే వద్దనేది. తర్వాతి కాలంలో గ్రీకులు వెళ్లి ఈజిప్టులో కాపురాలు పెట్టారు. అప్పుడు ఒకే ఊళ్లో గ్రీకు ఆవిడకి ఒప్పందం రాయాలంటే మగదిక్కు కావాలి, పక్కింటి ఈజిప్టు ఆవిడకి అక్కర్లేదు. "అంటే మీరు ఈజిప్టు, నేను ఏథెన్సు," అంది. సరదాగానే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అప్పటికే నాకు కొంత తెలుసు. అతను తాగడు, నలుగురిలో బహు మర్యాదస్తుడు. ఇంట్లో మాత్రం మాటకి ముందోసారి, వెనకోసారి "నా పూచీ మీద ఉంటున్నావ్, గుర్తుంచుకో" అనేవాడు. ఆ అమ్మాయి ట్యూషన్లు చెప్పుకుంటానంటే ఒప్పుకోలేదు. వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే స్పీకరు పెట్టమనేవాడు. ఒక శనివారం పొద్దున పాపని వెంటబెట్టుకుని పైకొచ్చింది. చెవి కింద కమిలిపోయి ఉంది. పాప మా సోఫాలో కూర్చుని, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "డాడీ స్కోల్డ్ మమ్మీ, దెన్ హిట్," అంది. స్కూల్లో ఎవరో పడిపోయారని చెప్పినట్టు చెప్పింది.

పోలీసులకి చెబుదాం అన్నాను. ఇక్కడి కోర్టు రక్షణ ఆర్డరు ఇస్తుందనీ, అడగడానికి పౌరురాలే కానక్కర్లేదనీ కూడా చెప్పాను. ఆ అమ్మాయి లేచి వెళ్లి మా వీధి తలుపు దగ్గరగా వేసింది. "పోలీసులంటే ఆయన పాస్ తీయించేస్తారు, ఆంటీ. పాపని వదిలి ఎలా ఉంటాను?" అంది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "పోలీసులెందుకు, మధ్యలో మనం లేమా? పెద్దవాళ్లం కూర్చుని మాట్లాడదాం," అన్నారు.

మనవాళ్లకి ఇదొక అలవాటు. మొగుడూ పెళ్లాలకి చెడితే పెద్దమనుషులు కూర్చోవాలి. సముద్రాలు దాటొచ్చినా ఆ అలవాటు సూట్‌కేసులో పెట్టుకునే వస్తాం. పెద్దమనుషులంటే మగవాళ్లే, వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆదివారం మా హాల్లోనే పెట్టారు. ఊరికి అటు చివరనున్న పాసిర్ రిస్ నుంచి భాయ్‌సాబ్ వచ్చారు. ఆయన హైదరాబాదీ ముస్లిం, రిటైరైన ఇంజినీరు, ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. నిజాయితీపరుడని తెలుగువాళ్ల మధ్య ఏ తగాదా వచ్చినా ఆయన్నే పిలుస్తారు. ఆయన భార్య కూడా వచ్చింది, ఆవిణ్ణి నేను ఆపా అంటాను. హాల్లో భాయ్‌సాబ్, మా ఆయన, అతను. వంటింట్లో ఆపా, నేను, ఆ అమ్మాయి. ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఉప్మా తాలింపు చప్పుడులో వాళ్ల మాటలు సగం వినపడలేదు. ఆపా ఉల్లిపాయలు తరుగుతూ, "మాలో నిఖా అప్పుడైనా పిల్లని అడుగుతారమ్మా, నీకు ఖుబూలేనా అని. జిందగీలో ఆ ఒక్కసారి. మళ్లీ ఎవరూ అడగరు," అంది. ఆ అమ్మాయి గిన్నెలు కడుగుతూ వింటోంది. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

హాల్లో తీర్పు అయిపోయింది. అమ్మాయి పుట్టింటికి వెళ్లి రెండు నెలలుండి రావాలి, ఈలోగా కోపాలు చల్లారతాయి. పాపకి స్కూలుంది కాబట్టి ఇక్కడే ఉంటుంది, అతని తల్లి వచ్చి చూసుకుంటుంది. అతను ఇకమీదట చెయ్యెత్తడు. మన ఊళ్లలో ఎవరి కాపురానికైనా ముందు వేసే మందు ఇదే. అక్కడ దానికో అర్థం ఉంది. పిల్ల బస్సెక్కి వెళ్తుంది, నాలుగు రోజులు తల్లి చేతి అన్నం తింటుంది, మొగుడే వెతుక్కుంటూ వస్తాడు. రాకపోతే తనే మళ్లీ బస్సెక్కి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. గుమ్మంలో నిలబడ్డదాన్ని వీధంతా చూస్తుండగా గెంటెయ్యడం అంత తేలిక కాదు. ఇక్కడ ఆ గుమ్మానికీ ఆ అమ్మాయికీ మధ్య విమానాశ్రయం ఉంది, అందులో ఒక కౌంటరు ఉంది. అంత చదువుకున్న ఆ ఇద్దరు పెద్దమనుషులకీ ఆ ముక్క తట్టలేదు.

నాకు తట్టింది. కాఫీ ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లి అడిగేశాను.

"ఈ పిల్ల దేశం దాటాక ఇతను పాస్ రద్దు చేయిస్తే అప్పుడేం చేస్తారు?"

మా ఆయన నావైపు చూసిన చూపుకి కాఫీ చల్లారిపోవాలి. "నువ్వు కాస్త ఆగు," అన్నారు.

అతను మాత్రం నవ్వాడు. "నేనట్లాంటివాణ్ణా, ఆంటీ? మీ అందరి ముందూ మాటిస్తున్నా. పాస్ జోలికి పోను. రెండు నెలలకి నేనే టికెట్ తీసి పిలిపించుకుంటా."

"మాటిచ్చాడుగా, బస్," అన్నారు భాయ్‌సాబ్.

అప్పుడు ఆ అమ్మాయిని పిలిచారు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "నీకు సమ్మతమేనా, బేటీ?" అని భాయ్‌సాబ్ అడిగారు. తను నోరు తెరిచేలోపే, "తనకేం అభ్యంతరం ఉంటుంది, అంకుల్," అన్నాడతను. ఆ అమ్మాయి తలూపింది. వంటింట్లోకి రాగానే భుజం పట్టుకుని ఊపినంత పని చేశాను, వెళ్లొద్దన్నాను, వెళ్తే మళ్లీ రాలేవన్నాను.

"పెద్దవాళ్ల ముందు మాటిచ్చారు కదాంటీ. అంతమంది ముందు తప్పరు," అంది. మళ్లీ గిన్నె అందుకుని, "మా అమ్మ దగ్గర రెండు నెలలు నిద్రపోతాను. నాకు నిద్ర కావాలి," అంది.

సాగనంపడానికి అందరం చాంగి విమానాశ్రయానికి వెళ్లాం. అతనే ట్రాలీ తోశాడు, అందరికీ కాఫీలు తెచ్చాడు. పాప తల్లి మెడ కరుచుకుని వదల్లేదు, ఐస్‌క్రీమ్ ఇప్పిస్తే వదిలింది. అద్దాల అవతల ఆ అమ్మాయి నడుస్తూ నడుస్తూ వెనక్కి చూసింది. మేం చేతులూపాం.

రెండో నెల నిండకముందే పాస్ రద్దయింది. పొద్దున్నే ఫోన్ చేసింది. ఏడవలేదు. "నా పాస్ ఇంక చెల్లదంట, ఆంటీ. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. పాప ఎట్లా ఉందో ఒక్కసారి కిందికెళ్లి చూడరా," అంది. వెళ్లాను. అతని తల్లి తలుపు సందులోంచి పాప పడుకుందని చెప్పి వేసేసుకుంది. లోపల పాప టీవీతో పాటు పాట పాడుతోంది, గొంతు నాకు తెలీదా.

తర్వాత బ్లాకు కింద గోడల్లేకుండా వదిలేసే వాయిడ్ డెక్‌లో స్కూల్ బస్సు కోసం నిలబడ్డ పాప నన్ను చూసి, "ఆంటీ, మమ్మీ స్టిల్ స్లీపింగ్ ఆ?" అని అడిగింది. అమ్మ అమ్మమ్మ ఇంట్లో నిద్రపోవడానికి వెళ్లిందని దానికి చెప్పారు. అది ఇంకా లేవలేదనుకుంటోంది.

మా ఆయన్ని నిలదీస్తే, "మాట తప్పాడు, మనమేం చేస్తాం," అన్నారు. ఒళ్లు మండిపోయింది. లిఫ్టులో అతను ఎదురై "అంకుల్, బాగున్నారా?" అంటే ఈయన బాగున్నామనే అన్నారు. నేను మధ్యలోనే దిగిపోయి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చాను.

ఆ వారం మ్యూజియంలో మామూలుగా చెప్పే కథే చెప్పాను. ఏథెన్సులో భార్య కూడా విడిపోవచ్చు, పేరుకి. కాకపోతే తనంతట తానే అధికారి దగ్గరికి వెళ్లి చెప్పాలి. ఒక పెద్దింటి ఆవిడ అలా వెళ్లిందట. మొగుడు వచ్చి అందరూ చూస్తుండగా ఆవిణ్ణి ఎత్తుకుని, అంగడి మధ్యలోంచి ఇంటికి మోసుకుపోయాడట. వింటున్నవాళ్లలో ఒక చైనీస్ పెద్దావిడ, "సో మెనీ పీపుల్, నోబడీ స్టాప్ హిమ్ ఆ?" అంది. ఎవరూ ఆపలేదన్నాను. ఆ అంగట్లో జనం ఊరికే నిలబడి చూశారు. మేమైతే టాక్సీ కట్టించుకుని మరీ వెళ్లి టాటా చెప్పొచ్చాం. మిగతాది సరిగా చెప్పలేకపోయాను.

ఇది ఏథెన్సు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇక్కడ తల్లి కూడా పిల్ల కోసం కోర్టుకెళ్లొచ్చు, ఆమె ఏ దేశస్థురాలని ఎవరూ తలుపు వేసెయ్యరు. కాకపోతే కోర్టులో నిలబడాలంటే ముందు దేశంలోకి రావాలి. ఆ అమ్మాయి తరఫున నేనే ఒక లాయరు దగ్గరికి తిరిగాను. చైనీస్ అమ్మాయి, చురుకైనది. అవతలి వైపు కాగితాల్లో తల్లి తనంతట తానే ఇంటినీ పిల్లనీ వదిలేసి వెళ్లిపోయిందని ఉందని చెప్పింది. పంపినవాళ్లు ఎవరైనా రాసిస్తే బలం అంది.

"ఆరోజు గదిలో ఎవరున్నారు?"

"మగవాళ్లు."

"మీరెక్కడున్నారు?"

"వంటింట్లో."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. "అది మీ ఇల్లే కదా?" అంది. ఏం చెప్పను, నా ఇల్లే.

ట్రే పట్టుకుని వెళ్లి నేనడిగిందీ, అతనిచ్చిన మాటా ఉన్నదున్నట్టు రాసిచ్చాను. మా ఆయన్ని అడిగితే, "నేను పంపలేదు, సలహా ఇచ్చానంతే. కోర్టు గొడవలు మనకెందుకు, రేపు ఒకరి మొహాలు ఒకరం చూసుకోవద్దూ?" అన్నారు. తిట్టాను, బతిమాలాను, అలిగాను. ఆయన సంతకం పెట్టలేదు. ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. భాయ్‌సాబ్ పెట్టారు. తనంతట తాను పెట్టారనుకునేరు, ఆపా వంట మానేసింది. హాకర్ సెంటర్లో తిని తిని ఆయన దారికొచ్చారు. సంతకం అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, "బేటీకి అన్యాయం చేశాం," అన్నారు. "ఆరోజు బేటీని నోరు విప్పనిచ్చారా?" అంది ఆపా.

చివరికి ఆ అమ్మాయి వచ్చింది. విచారణ కోసం, ఈసారి నా పూచీ మీద, కొద్ది రోజుల వీసాతో. తన ఇంటికి రెండంతస్తుల పైన, మా చిన్న గదిలో ఉంది. బక్కచిక్కి సగమైపోయింది. అమ్మ దగ్గర నిద్ర పట్టిందా అని అడిగి నాలిక్కరుచుకున్నాను. తీర్పు వచ్చేదాకా పాపని వారానికో పూట మా ఇంట్లో చూడొచ్చని కోర్టు చెప్పింది.

మొదటి ఆదివారం పాప లిఫ్టెక్కి వచ్చింది. వీపున స్కూలు బ్యాగు, మెళ్లో వాటర్ బాటిల్. ఎప్పుడూ చెప్పులు విసిరేసి లోపలికి పరిగెత్తే పిల్ల, విప్పి జతగా గుమ్మం పక్కన పెట్టింది. తల్లి దగ్గరికి తీసుకుంటే వచ్చింది గానీ ఒళ్లు బిగబట్టుకునే ఉంది. వాళ్లమ్మ ఏమీ అనకుండా నేల మీద కూర్చోబెట్టుకుని జడ విప్పింది. నాయనమ్మ వేసిన జడ, బిగుతుగా ఉంది. చిక్కు తీసి మళ్లీ అల్లుతుంటే పాప మెల్లిగా వెనక్కి వాలింది.

"మమ్మీ, హౌ లాంగ్ దే లెట్ యు స్టే?"

ఆ అమ్మాయి అలవాటుగా నా మొహం వైపు తిరిగింది. నేను పొయ్యి వైపు తిరిగిపోయాను. నా నోటితో ఆ మాట చెప్పలేను, పైగా అది తను చెప్పాల్సిన మాట.

"కొద్ది రోజులేనమ్మా," అంది.

"దెన్ డాడీ సైన్ అగైన్?"

"డాడీ చెయ్యరు నాన్నా."

పాప ఆలోచించింది. జడ సగంలో ఉండగానే వెనక్కి తిరిగి, లెక్కకి జవాబు దొరికినట్టు మొహం పెట్టి, "నెవర్ మైండ్ లా, మమ్మీ. వెన్ ఐ ట్వెంటీ-వన్, ఐ సైన్ ఫర్ యు. ఐ సిటిజెన్, కెన్ వన్," అంది.

వాళ్లమ్మ దాని తల ముందుకి తిప్పి మిగతా జడ అల్లింది. "అలాగే నాన్నా, నువ్వే చేద్దువుగాని," అంది. పాపకి మొన్ననే ఎనిమిదేళ్లు నిండాయి.